మారేడు కషాయం పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది? మీ ప్రశ్నలు, నా జవాబులు

వానలు మొదలయ్యాక మన శీర్షికకి వచ్చే ఉత్తరాలు, మెసేజ్‌లు సగం కడుపు గురించే ఉంటాయి. ఈసారి మాత్రం చాలామంది ఒకే విషయం తిప్పి తిప్పి అడిగారు, మోషన్స్‌కి మనవాళ్ళు వాడే చెట్టు మందుల్ని ఎవరైనా నిజంగా పరీక్ష చేసి చూశారా అని. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా. ముందే ఒక్కటి చెప్పేస్తా, కింద ఏ ఆకు గురించి ఎంత మంచిగా రాసినా అది ఓఆర్ఎస్‌తో పాటు వాడుకునే సంగతే గానీ ఓఆర్ఎస్ మానేసి కాదు.

ప్రశ్న: మేడం గారూ, మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. మా అత్తగారు మారేడు పచ్చికాయలు ముక్కలు కోసి ఎండబెట్టి డబ్బాలో దాస్తారు, ఇంట్లో ఎవరికి విరేచనాలు పట్టుకున్నా అవి మరగబెట్టి తాగిస్తారు. మా వారేమో ఇవన్నీ పాతకాలం నమ్మకాలు అంటారు. మా పాపకి 3 ఏళ్ళు. నేను ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిదీ వినమ్మా, ఎందుకో చెప్తా. మీ అత్తగారు చేసే కషాయాన్నే, అంటే పచ్చి మారేడు గుజ్జు ఎండబెట్టి నీళ్ళలో మరిగించిన దాన్నే, ముంబైలోని ఫౌండేషన్ ఫర్ మెడికల్ రీసెర్చ్ వాళ్ళు ల్యాబ్‌లో పరీక్ష చేశారు, ఆ పేపర్ 2009లో అచ్చయింది. వాళ్ళ పనిలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, అందరూ చేసినట్టు క్రిములు చచ్చాయా లేదా అని ఒక్కటే చూసి ఊరుకోలేదు. నిజానికి ఆ ఒక్కటే చూసుంటే మారేడు ఫెయిలయ్యేది, ఎందుకంటే బ్యాక్టీరియాని చంపే శక్తి అందులో పెద్దగా కనపడలేదు. కానీ విరేచనాలు రావాలంటే క్రిమి కడుపులో ఉంటే సరిపోదు, అది పేగు గోడకి అంటుకోవాలి, కొన్నిరకాలు లోపలికి దూరాలి, కొన్ని విషం వదలాలి, ఆ విషం పేగు కణాల మీద తన చోటు వెతుక్కుని అక్కడ పట్టుకోవాలి. ఈ మెట్లన్నీ విడివిడిగా పరీక్షిస్తే అప్పుడు తేలింది, మారేడు కషాయం ఉన్నప్పుడు బ్యాక్టీరియా కణాలకి అంటుకోవడం, లోపలికి దూరడం తగ్గాయి, కలరా విషం తయారవడం తగ్గింది, ఈ.కోలై వదిలే ఒకరకం విషం కణాల మీద పట్టు దొరకక పోయింది, జియార్డియా అనే పరాన్నజీవి మీదా రోటావైరస్ మీదా కూడా కొంత ప్రభావం కనపడింది. అంటే క్రిమిని చంపకుండానే దాని పని చెడగొడుతోందన్నమాట.

ఇంక మీ వారి వైపు. ఇదంతా గాజు పాత్రల్లో, పెంచిన కణాల మీద చేసింది, పిల్లల మీద కాదు. 3 ఏళ్ళ పాపకి ఎంత ఇవ్వాలి, ఎన్నిసార్లు ఇవ్వాలి అన్నది ఆ పేపర్ చెప్పదు. కాబట్టి పాపకి మోషన్స్ అయితే వెంటనే ఓఆర్ఎస్ కలపండి, ఈ వయసుకి విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి, ఆశా వర్కర్ దగ్గరో పీహెచ్‌సీలోనో జింక్ మాత్రలు తీసుకుని రోజుకి 20 మిల్లీగ్రాములు 14 రోజులు వెయ్యండి, మోషన్స్ ఆగిపోయినా మధ్యలో మానొద్దు. తిండి ఆపొద్దు. ఇవన్నీ జరుగుతుంటే అత్తగారు పెద్దవాళ్ళకి ఆ కషాయం ఇచ్చుకుంటే నాకేం అభ్యంతరం లేదు, పాపకి మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వద్దు. ఇంకో సంగతి, పండిన మారేడు గుజ్జు విరేచనం సాఫీగా అవడానికి వాడతారు, కట్టడానికి వాడేది పచ్చికాయే. ఈ తేడా మన వైద్యులకి ఎప్పట్నుంచో తెలుసు, మీ అత్తగారికీ తెలుసు కాబట్టే పచ్చికాయ దాస్తున్నారు.

ప్రశ్న: మా బాబుకి 9 నెలలు. రెండ్రోజుల నుంచి నీళ్ళలా పోతున్నాయి. పక్కింటి పెద్దావిడ జాజికాయ అరగదీసి కాస్త నల్లమందు కలిపి నాకిస్తే ఒక్క పూటలో కట్టేస్తుందంటున్నారు. పెట్టొచ్చా? – ఒక తల్లి, కర్నూలు

జవాబు: వద్దు తల్లీ, నల్లమందు అస్సలు వద్దు. అది పేగు కదలికని ఆపేస్తుంది కాబట్టి మోషన్ కట్టినట్టే కనిపిస్తుంది, కానీ నీళ్ళు పేగులోకి ఊరుతూనే ఉంటాయి, పైగా పసిపిల్లలకి ఊపిరి మందగించి ప్రాణం మీదకొస్తుంది. బాబుకి తల్లిపాలు ఆపకండి, విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్, రోజుకి 20 మిల్లీగ్రాముల జింక్. మాడు లోపలికి పోయినా, కళ్ళు గుంటలు పడినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, మగతగా పడుకున్నా, విరేచనంలో రక్తం కనపడినా ఇంట్లో ఉండొద్దు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళండి. ప్యాకెట్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసుందో లేదో చూడండి. మొన్నటిదాకా టెట్రా ప్యాకుల్లో ఓఆర్ఎస్ అని పేరు పెట్టి తియ్యటి జ్యూసులు అమ్మేవాళ్ళు, వాటిలో చక్కెర ఎక్కువై మోషన్స్ ఇంకా పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆర్డర్ వేసింది. అయినా పాత స్టాక్ ఎక్కడైనా ఉండొచ్చు, చూసి కొనండి.

ప్రశ్న: నమస్కారం అమ్మా. మాది అనంతపురం జిల్లా. మా ఊళ్ళో నాటువైద్యుడు జామ చిగుళ్ళ పసరు ఇస్తాడు, ఎంత మోషన్స్ అయినా 3 రోజుల్లో కట్టేస్తాయి. ఊరంతా సాక్ష్యం చెప్తుంది. ఇంతమందికి తగ్గాక మళ్ళీ పరీక్షలు ఎందుకు, మన మందు కాబట్టే ఇన్ని అడ్డంకులు పెడుతున్నారు అనిపిస్తుంది.

జవాబు: తమ్ముడూ, నీ కోపం నాకర్థమైంది, మన వైద్యాన్ని చూడకుండానే కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు, నేనూ చూశాను. కానీ నువ్వు చెప్పిన ఆ 3 రోజుల దగ్గరే అసలు చిక్కుంది. మామూలు నీళ్ళ విరేచనాలు చాలామందిలో ఏ మందూ వేసుకోకపోయినా కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. కాబట్టి పసరు తాగినవాళ్ళని మాత్రమే చూస్తే వందమందికి తగ్గినా వెయ్యిమందికి తగ్గినా అది పసరు వల్లా, ఒంటి శక్తి వల్లా అన్నది తేలదు. పసరు తాగనివాళ్ళని కూడా పక్కన పెట్టుకుని చూడాలి, అదీ మన ఇష్టం వచ్చినట్టు విడదీయకూడదు, ఎవరు ఏ గుంపులోకి వెళ్తారో లాటరీ తీసినట్టు తేలాలి. లేకపోతే తెలీకుండానే కాస్త ఓపికున్నవాళ్ళని పసరు గుంపులో, నీరసంగా ఉన్నవాళ్ళని ఇంకో గుంపులో పెట్టేస్తాం.

నీకు సంతోషం కలిగించే సంగతి ఏంటంటే జామాకు మీద సరిగ్గా అలాంటి పరీక్షే జరిగింది. పైన మారేడు గురించి చెప్పిన ముంబై సంస్థవాళ్ళే పూణే జిల్లా పరించె ప్రాంతంలో, విరేచనాలతో వచ్చిన 109 మంది పెద్దవాళ్ళ మీద చేశారు, 2020లో అచ్చయింది. కొందరికి ఓఆర్ఎస్, కొందరికి జామాకు కషాయం. 10 ఆకుల కషాయం రోజుకి 3 సార్లు తాగినవాళ్ళు 72 గంటల్లో మామూలైతే, కషాయం లేనివాళ్ళకి 120 గంటలు పట్టింది. రెండ్రోజుల తేడా అంటే కూలికి వెళ్ళేవాళ్ళకి రెండ్రోజుల కూలి, చిన్న విషయం కాదు. దానికంటే ముందే మెక్సికోలో జామాకు క్యాప్సూల్స్‌ని ఉత్తుత్తి క్యాప్సూల్స్‌తో పోల్చి చూశారు, 2002లో ఆ ఫలితాలు వచ్చాయి, కడుపులో మెలిపెట్టే నొప్పి త్వరగా తగ్గిందని అందులో తేలింది.

మరి ఇంక సందేహం ఎందుకు అంటావా. పరించెలో ఎవరు ఏం తాగుతున్నారో అందరికీ తెలుసు, వగరుగా ఉండే జామాకు కషాయానికి నకిలీ కషాయం తయారుచేయడం చాలా కష్టం కదా. తను మందు తాగానని తెలిసిన మనిషి ఇవాళ కాస్త నయంగానే ఉంది అనడం సహజం, అడిగేవాళ్ళకీ అలాగే అనిపిస్తుంది. అందుకే ఇంకా గట్టిగా చెయ్యాలనుకున్నవాళ్ళు మాట మీద ఆధారపడకుండా విరేచనాన్నే కొలుస్తారు. ఢాకాలోని కలరా ఆస్పత్రిలో మంచం మధ్యలో కన్నం ఉంటుంది, కింద బకెట్, ఎన్ని గంటల్లో ఎంత పోయిందో కొలతతో సహా రాసుకుంటారు. బంగ్లాదేశ్‌లోనే 165 మంది మగవాళ్ళ మీద బెర్బెరిన్ పరీక్ష జరిగింది, అది మానుపసుపులో ఉండే పసుపు పదార్థం, 1987లో వచ్చిన పేపర్. ఈ.కోలై వల్ల మోషన్స్ వచ్చినవాళ్ళలో బెర్బెరిన్ తీసుకున్నవాళ్ళకి 42 శాతం మందికి 24 గంటల్లో ఆగిపోతే, తీసుకోనివాళ్ళలో 20 శాతం మందికే ఆగాయి. కానీ కలరా రోగుల్లో పెద్ద ఉపయోగం లేకపోయింది. చూశావా, అదే మందు ఒకరకం మోషన్స్‌కి పనికొచ్చి ఇంకోదానికి పనికిరాలేదు, మీ ఊళ్ళో సాక్ష్యం చెప్పేవాళ్ళలో ఎవరికి ఏ క్రిమి వల్ల వచ్చిందో ఎవరికీ తెలీదు.

ఇంకొక్క మాట, ఇలాంటి పరీక్షల్లో రెండు గుంపుల వాళ్ళకీ ఒంట్లో నీళ్ళు తగ్గకుండా చూస్తారు, ఎవర్నీ ఉత్తినే వదిలెయ్యరు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం టైంలో బనగావ్ శరణార్థుల క్యాంపులో సెలైన్ బాటిళ్ళు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు, 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి పడిపోయాయి. అప్పటికి అది కూడా చాలామంది డాక్టర్లు నమ్మని వైద్యమే, లెక్క చూపించాకే ప్రపంచం ఒప్పుకుంది. మీ ఊరి వైద్యుడికీ అదే న్యాయం జరగాలని నేను కోరుకుంటా, పేరు రాయకుండా ఒక నోట్‌బుక్‌లో ఎవరు ఏ రోజు వచ్చారు, ఎన్నిసార్లు వెళ్ళారు, రక్తం ఉందా, జ్వరం ఉందా, ఏ రోజుకి ఆగింది, ఎవరికి ఆగలేదు అని రాసిపెట్టమను. ఆగనివాళ్ళని తప్పకుండా రాయాలి, సాధారణంగా వాళ్ళే లెక్కలోంచి జారిపోతారు ఎందుకంటే తగ్గకపోతే మళ్ళీ ఆయన దగ్గరకి రారు, నేరుగా టౌన్‌కి పోతారు.

ప్రశ్న: మూలికల కొట్లో కొడిశపాల బెరడు అడిగితే ఒకసారి చేదుగా ఉండేది ఇచ్చారు, ఇంకోసారి అసలు చేదే లేదు. రెండూ అదేనన్నాడు. ఎలా గుర్తుపట్టాలి? – రిటైర్డ్ టీచర్, విజయనగరం

జవాబు: మాస్టారూ, చేదు లేనిది అసలు కొడిశపాల కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఎక్కువగా కలిపేది అంకుడు చెక్క, తెడ్లపాల అని కూడా అంటారు, మీ పక్కనే ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే చెట్టే అది. రెండూ ఒకే కుటుంబం, రెండిటికీ పాలు కారతాయి, తెల్లపూలు, జంట కాయలు, ఎండబెట్టి ముక్కలు కొట్టాక చూసి తేడా చెప్పడం కష్టం. పైగా ఒక్కో జిల్లాలో ఒక్కో పేరు, ఒకరి పాలకొడిశ ఇంకొకరికి వేరే చెట్టు. గింజల్లో కూడా ఇదే గొడవ, అసలు కొడిశపాల గింజలు చేదు, అంకుడువి చేదుండవు.

జిగట విరేచనాలకి పనిచేస్తాయని చెప్పే ఆల్కలాయిడ్లు, కొనెస్సిన్ లాంటివి, కొడిశపాల బెరడులో ఉంటాయి. ఒకప్పుడు కొనెస్సిన్‌ని విడిగా తీసి అమీబా విరేచనాలకి వాడేవాళ్ళు, నిద్ర పట్టకపోవడం, ఆందోళన లాంటి ఇబ్బందులు వచ్చేవి, ఇంకా మంచి మందులు రావడంతో దాన్ని పక్కన పెట్టారు. కాబట్టి చేదుగా ఉంది కదా అసలుదే అని ఎక్కువ మోతాదులో తాగడమూ మంచిది కాదు. ఏ పరిశోధన పేపరైనా చదివేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే, మొక్కని వృక్షశాస్త్రవేత్త గుర్తుపట్టాడా, ఆ కొమ్మ నమూనా ఎండబెట్టి హెర్బేరియంలో నంబర్ వేసి దాచారా, ఏ నెలలో ఎక్కడ కోశారు. ఇది రాయకుండా బజార్లో కొన్నాం అని రాశారంటే ఆ తర్వాత ఎన్ని గ్రాఫులున్నా అవి ఏ చెట్టువో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: మేడం, నేను గుంటూరులో బీఫార్మసీ ఫైనలియర్. మా ప్రాజెక్ట్‌లో ఒక ఆకు మిథనాల్ ఎక్స్‌ట్రాక్ట్ ఎలుకలకిచ్చి ఆముదంతో డయేరియా తెప్పించి చూశాం. 400 మిల్లీగ్రాములు పర్ కేజీ డోస్‌లో దాదాపు మోషన్స్ కట్టే మాత్ర లోపరమైడ్‌తో సమానంగా వచ్చింది. సంప్రదాయ వాడకం రుజువైంది అని రాసేయొచ్చా?

జవాబు: మంచి పని చేశారు బాబూ, కానీ ఆ వాక్యం మాత్రం రాయకు. ఒక్కొక్కటే చూద్దాం.

ఆముదం ఏం చేస్తుంది? కడుపులో విడిపోయి రిసినోలిక్ ఆమ్లం అవుతుంది, అది పేగు కండరాల మీద ఉండే ఈపీ3 అనే రిసెప్టర్‌ని తట్టి పేగుని పరుగులు పెట్టిస్తుంది, ఈ దారి 2012లో తేలింది. మీ ఊళ్ళో వానాకాలం వచ్చే మోషన్స్ ఆముదం తాగి వచ్చేవి కాదు కదా, కలుషితమైన నీళ్ళతో వచ్చేవి, అక్కడ రోటావైరస్, ఈ.కోలై, షిగెల్లా ఉంటాయి. పేగు వేగాన్ని తగ్గించే ఏ పదార్థమైనా ఆముదం పరీక్షలో పాసవుతుంది. లోపరమైడ్ చేసేది కూడా అదే, అందుకే రక్త విరేచనాల్లో లోపరమైడ్ ఇవ్వొద్దంటారు, బయటికి పోవాల్సింది లోపలే ఉండిపోతుంది. పైపు చివర నొక్కిపట్టుకోవడం వేరు, కుళాయి కట్టేయడం వేరు. మీ ఆకు ఏది చేస్తోందో తెలియాలంటే చార్కోల్ మీల్, అంటే బొగ్గుపొడి కలిపిన తిండి, పెట్టి పేగులో ఎంత దూరం పోయిందో చూడాలి, పేగులో ఎంత నీరు చేరిందో విడిగా కొలవాలి, వీలైతే కలరా విషంతో పేగు ముడిలో నీరు ఊరేలా చేసి అది తగ్గుతుందేమో చూడాలి. ఆ చివరి పద్ధతి మన దేశంలోనే బాగా రూపుదిద్దుకుంది, కలకత్తాలో శంభునాథ్ డే గారు కుందేలు పేగుని దారంతో ముడులు వేసి, అందులో కలరా క్రిములు పెంచిన ద్రవం ఎక్కించి, 1959లో కలరా విషం సంగతి బయటపెట్టారు. సామాన్యమైన పనిముట్లతో చేసిన అంత గొప్ప పని ఫార్మసీ పిల్లలందరికీ పాఠంగా చెప్పాలని నా గట్టి కోరిక.

తర్వాత డోస్. ఎలుక డోస్‌ని మనిషికి మార్చాలంటే 12.3తో భాగించాలి కదా, చిట్టెలుకలైతే. 400ని భాగిస్తే 32.5, 60 కేజీల మనిషికి దాదాపు 2 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. మీకు ఆకు పొడిలోంచి 10 శాతం ఎక్స్‌ట్రాక్ట్ వచ్చిందనుకుంటే 20 గ్రాముల ఎండాకు ఒక్క డోస్‌కి. ఊళ్ళో ఎవరైనా ఒక్కసారికి అంత ఆకు తాగుతారా అని ఆ వాడకం చెప్పినవాళ్ళనే అడగండి, కొన్ని ఆకులకి అవునంటారు, కొన్నిటికి నవ్వుతారు.

మూడోది, ఊళ్ళోవాళ్ళు నీళ్ళలో మరిగిస్తారు, మీరు మిథనాల్‌లో నానబెట్టారు. నీళ్ళలోకి దిగేవి వేరు, మిథనాల్‌లోకి దిగేవి వేరు. సంప్రదాయ వాడకాన్ని పరీక్షిస్తున్నాం అన్నప్పుడు సంప్రదాయంగా చేసే కషాయాన్నే కదా పరీక్షించాలి? రెండూ చేసి పోల్చితే ఇంకా బాగుంటుంది. ఎలుకల పనికి కాలేజీ జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి నంబర్ పేపర్లో రాయడం మర్చిపోకండి. ముగింపులో ఆముదం వల్ల కలిగిన విరేచనాల్ని ఎలుకల్లో ఈ ఎక్స్‌ట్రాక్ట్ ఈ డోస్‌లో తగ్గించింది అని రాయండి, అంతే, అది నిజం, దానికి విలువుంది.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ చెట్టు పాల నుంచి తీసిన మోషన్స్ మందుకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పర్మిషన్ ఉందని తెలిసి ఆశ్చర్యపోయా. మరి మన మారేడు, జామ అలా ఎందుకు రాలేదు అక్కా?

జవాబు: నిజమే చెల్లీ, దాని పేరు క్రోఫెలెమర్. అమెజాన్ అడవుల్లో, పెరూ, ఈక్వడార్ వైపు క్రోటన్ లెక్లెరి అనే చెట్టుంది, బెరడు గీస్తే ఎర్రగా రక్తంలాంటి పాలు కారతాయి, అక్కడి జనం గాయాలకి పూస్తారు, విరేచనాలకి తాగుతారు. 1989లో లీసా కాంటే అనే ఆవిడ కాలిఫోర్నియాలో షామన్ ఫార్మాస్యూటికల్స్ అని కంపెనీ పెట్టి ఇలాంటి వాడకాల వెంట పడ్డారు. ముందు ప్రయాణాల్లో వచ్చే మోషన్స్‌కి, ఎయిడ్స్ రోగుల మోషన్స్‌కి పరీక్షించారు. ఎఫ్‌డీఏ ఇంకో ట్రయల్ కావాలంది, కంపెనీ దగ్గర డబ్బులైపోయాయి, 2001లో దివాలా తీసింది. అదే ఏడాది ఆవిడే నాపో అనే ఇంకో కంపెనీ పెట్టి ఆ మందుని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. చివరికి 2012 డిసెంబర్ 31న అనుమతి వచ్చింది. చెట్టు నుంచి తీసి నోటితో వేసుకునే మందుల్లో ఆ బొటానికల్ దారిలో ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మొదటిది ఇదే. 20 ఏళ్ళకి పైన పట్టింది.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఆ మందు పేగు కణాల్లో క్లోరైడ్ బయటికి పోయే రెండు దారుల్ని మూస్తుంది, క్లోరైడ్ పోకపోతే దాని వెనక నీళ్ళూ పోవు. రక్తంలోకి దాదాపు ఎక్కదు, పేగులోనే ఉండి పనిచేస్తుంది. మలబద్ధకం కట్టేలా పేగుని ఆపదు. ఇంత చక్కగా తెలిసినా అనుమతి దేనికి వచ్చిందో చూడు, హెచ్ఐవీ మందులు వాడుతున్న పెద్దవాళ్ళలో, క్రిముల వల్ల కాని విరేచనాలకి మాత్రమే. ముఖ్యమైన ట్రయల్‌లో 374 మంది ఉన్నారు, 125 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి 2 సార్లు. మందు గుంపులో 17.6 శాతం మందికి అనుకున్నంత గుణం కనిపిస్తే ఉత్తుత్తి మాత్ర గుంపులో 8 శాతం మందికి కనిపించింది. అంటే ఎంతో ఖర్చుపెట్టి, ఇన్నేళ్ళు చేస్తే వచ్చిన తేడా అది. నాకది చిన్నచూపు చూసే ఫలితంగా అనిపించదు, ఏళ్ళ తరబడి మోషన్స్‌తో బాధపడేవాళ్ళకి అది బతుకు, కాకపోతే ఒక మొక్క పనిచేస్తుంది అన్న మాట వెనక నిజాయితీగా ఎంత చిన్న అంకె ఉండొచ్చో అందరూ తెలుసుకోవాలి.

మన దగ్గర ఎందుకు రాలేదంటే, ఒక కారణం డబ్బు. మారేడు కాయ ప్రతి శివాలయం దగ్గరా దొరుకుతుంది, జామ ప్రతి పెరట్లో ఉంటుంది, దాని మీద కోట్లు పెట్టి పేటెంట్ తెచ్చుకునే కంపెనీ ఎవరు? రెండోది, ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న మందుకి లైసెన్స్ ఇవ్వడానికి అంత పెద్ద ట్రయల్స్ అక్కర్లేదు, కాబట్టి చెయ్యాల్సిన ఒత్తిడి లేదు. 2015లో మన ప్రభుత్వం ఫైటోఫార్మాస్యూటికల్ అని కొత్త తరగతి పెట్టింది, మొక్క నుంచి శుద్ధి చేసిన భాగంలో కనీసం 4 రసాయనాల్ని గుర్తించి కొలిచి, మామూలు కొత్త మందులాగే ట్రయల్స్ చేసి అనుమతి తెచ్చుకోవచ్చు. దారి ఉంది, నడిచేవాళ్ళు ఇంకా చాలామంది రావాలి. ఇలాంటివి కంపెనీల కోసం ఎదురుచూడకుండా ప్రభుత్వ డబ్బుతో మన మెడికల్ కాలేజీలే చెయ్యాలని నేను గట్టిగా నమ్ముతా, ఎందుకంటే జామాకు కషాయం వల్ల లాభపడేది కూలి పోగొట్టుకోలేని మనిషి, లాభాలు చూసే కంపెనీ కాదు.

ప్రశ్న: మాది అరకు వైపు గూడెం. మా తాతకి విరేచనాల వేరు మందు తెలుసు. ఎవరో కాలేజీవాళ్ళు వచ్చి ఆ మొక్క చూపించమంటున్నారు, తర్వాత జబ్బు వచ్చినవాళ్ళ మీద ట్రయల్ కూడా చేస్తారంట. సరే అనొచ్చా?

జవాబు: చూపించొచ్చు బాబూ, కానీ కొన్ని అడిగి కాగితం మీద రాయించుకుని. మీ తాతకి తెలిసింది పుస్తకాల్లో లేని జ్ఞానం, దానికి 2002 జీవవైవిధ్య చట్టం కింద రక్షణ ఉంది. 2023లో చట్టం మార్చి గ్రంథాల్లో ఉన్న జ్ఞానానికి, ఆయుష్ వైద్యులకి చాలా సడలింపులు ఇచ్చారు గానీ మీలాంటివాళ్ళ జ్ఞానాన్ని వ్యాపారానికి వాడుకుంటే లాభంలో వాటా అడిగే దారి ఉంది. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందా, రిజిస్టర్‌లో తాత చెప్పింది ఆయన పేరు మీద రాశారా అని ముందు సర్పంచ్‌ని అడగండి. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ అనే మొక్క మీద అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ మందు చేసి, కంపెనీ ఇచ్చిన డబ్బులో సగం వాళ్ళ ట్రస్టుకి ఇచ్చింది, అలా జరగడం అసాధ్యమేమీ కాదు.

ట్రయల్ సంగతికొస్తే, ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూపించమనండి, సీటీఆర్ఐ, అంటే దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీ, నంబర్ అడగండి, దేశంలో జరిగే ప్రతి ట్రయల్ మొదలవకముందే ఆ రిజిస్ట్రీలో ఉండాలి, ఊళ్ళో ఫోన్ ఉన్న కుర్రాడెవరైనా ఆ నంబర్ కొట్టి చూస్తే ఎవరు చేస్తున్నారు, ఎంతమంది మీద, ఏం కొలుస్తారు అన్నీ కనపడతాయి. ఒప్పంద పత్రం మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి, వినకుండా వేలిముద్ర వెయ్యొద్దు. ఏ గుంపులో పడ్డా ఓఆర్ఎస్ ఇస్తారా, పరిస్థితి ముదిరితే ఏ ఆస్పత్రికి ఏ బండిలో తీసుకెళ్తారు, ఆ ఖర్చెవరిది, మందు వల్ల ఏమైనా అయితే నష్టపరిహారం ఎవరిస్తారు అని అడగండి. మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు, మానేసినా మామూలు వైద్యం ఆపకూడదు. పసిపిల్లలతో మొదలుపెడతామంటే ఒప్పుకోకండి, ముందు పెద్దవాళ్ళ మీద ప్రమాదం లేదని తేలాలి. ఇవన్నీ ఓపిగ్గా చెప్పేవాళ్ళయితే తాతని వెంటపెట్టుకుని అడవిలోకి వెళ్ళండి, మొక్క వేరుతో సహా పీకేముందు పూతతో కాయతో ఫొటో తీయించండి.

వచ్చే నెల పచ్చ కామెర్లకి ఇచ్చే ఆకు మందుల గురించి వచ్చిన ఉత్తరాలు తీసుకుంటా, అడగాల్సినవి ఉంటే 20వ తేదీ లోపు పంపండి.